సరిహద్దు దాటి సముద్ర తీరానికి: గుయాకిల్ నుంచి మాంకొరా బస్సు ప్రయాణంపై పాఠకుల సందేహాలు

దక్షిణ అమెరికా పసిఫిక్ తీరాన ఈక్వెడార్ దేశంలోని గుయాకిల్ నగరం నుంచి బస్సులో సరిహద్దు దాటి, ఉత్తర పెరూలోని మాంకొరా అనే బెస్తల ఊళ్లో కొన్ని రోజులు గడపడం గురించి కిందటి సంచికలో క్లుప్తంగా రాశాము. దానిపై వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ మందికి ఉపయోగపడే ఐదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను హెచ్‌1బి వీసాపై అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. ఖమ్మం నుంచి వచ్చిన మా అమ్మానాన్నలనూ నా భార్యనూ తీసుకుని డిసెంబరు మూడో వారంలో గుయాకిల్ వెళ్లి, అక్కడి నుంచి బస్సులో మాంకొరా చేరి, నాలుగు రోజులు ఉండి, మళ్లీ గుయాకిల్‌కే వచ్చి విమానం ఎక్కాలని అనుకుంటున్నాము. అందరివీ భారతీయ పాస్‌పోర్టులే. సరిహద్దులో మోసాలు ఎక్కువని ఎక్కడో చదివి నాన్నగారు వెనకాడుతున్నారు. వెళ్లవచ్చునా? — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: వెళ్లవచ్చును. మీ నాన్నగారి భయం ఊరికే పుట్టినది కాదు గాని, ఆ భయం పుట్టిన దారి వేరు, మీరు వెళ్లవలసిన దారి వేరు. ఈ తేడా తెలిస్తే సగం చిక్కులు తీరిపోతాయి.

పాత దారి ఊరి మధ్య నుంచి పోతుంది. ఈక్వెడార్ వైపు వాకియాస్, పెరూ వైపు అగ్వాస్ వెర్దెస్ అనే రెండు ఊళ్ల నడుమ ఒక సన్నని కాలువ, దానిపై చిన్న వంతెన, వంతెనకు అటూ ఇటూ కిక్కిరిసిన సంత ఉంటాయి. ఒకప్పుడు రెండు దేశాల ఇమిగ్రేషన్ కార్యాలయాలు ఆ వంతెనకు దూరదూరంగా, వేర్వేరు చోట్ల ఉండేవి. ఒక చోట ముద్ర వేయించుకుని, టాక్సీ మాట్లాడుకుని, సంతలో నడిచి వంతెన దాటి, మళ్లీ టాక్సీ ఎక్కితే గాని రెండో ముద్ర పడేది కాదు. మీరు చదివిన మోసాలన్నీ ఆ రెండు ముద్రల మధ్య ఉన్న ఖాళీలోనే జరిగేవి. ఇప్పుడు ఊళ్లకు వెలుపల, కొత్త రహదారి మీద, సెబాఫ్ అని పిలిచే ఉమ్మడి సరిహద్దు కేంద్రం ఉంది. అక్కడ ఈక్వెడార్ అధికారీ పెరూ అధికారీ ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఒక కిటికీ దగ్గర నిష్క్రమణ ముద్ర, పక్క కిటికీ దగ్గర ప్రవేశ నమోదు. వరుస చిన్నదైతే ఇద్దరి పనీ అరగంటలో అయిపోతుంది.

ఈ రెండు దేశాలు 1941లో ఈ సరిహద్దులోని సరుమియా నది తీరంలోనే యుద్ధం చేశాయి. 1942లో రియో ఒప్పందం కుదిరినా సరిహద్దు తగవు తెగలేదు. 1995లో సెనెపా లోయలో మళ్లీ తుపాకులు పేలాయి. చివరకు 1998 అక్టోబరు 26న బ్రెజీలియాలో ఇద్దరు అధ్యక్షులు సంతకాలు చేసిన తరువాతే శాంతి నిలిచింది. అటువంటి రెండు దేశాల ఉద్యోగులు ఇవాళ పక్కపక్క కుర్చీలలో కూర్చుని మన పాస్‌పోర్టును ఒకరి తరువాత ఒకరు అందుకోవడం, ఈ చరిత్ర తెలిసిన నాకు ఎప్పుడు చూసినా మనసుకు హాయిగా ఉంటుంది.

కనుక మీరు చేయవలసిన మొదటి పని సరైన బస్సును ఎంచుకోవడం. గుయాకిల్ ప్రధాన బస్ స్టేషన్‌లో రెండు రకాల టికెట్లు దొరుకుతాయి. వాకియాస్ వరకు మాత్రమే పోయే బస్సు టికెట్ కొన్ని డాలర్లు తక్కువ ఉంటుంది గాని అది మిమ్మల్ని ఊరి నడుమ దించి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి సెబాఫ్‌కు టాక్సీ కట్టించుకోక తప్పదు. రెండో రకం అంతర్జాతీయ బస్సు. అది సెబాఫ్ దగ్గర ఆగి, ప్రయాణికులందరి ముద్రలూ పూర్తయ్యే వరకు ఉండి, అందరినీ ఎక్కించుకుని తుంబెస్ మీదుగా మాంకొరాకు, ఆపైన పియురాకు పోతుంది. టికెట్ కొనే ముందు కౌంటర్‌లో “ఎల్ బుస్ ఎస్పెరా ఎన్ మిగ్రసియోన్?” అని అడగండి. ఇమిగ్రేషన్ దగ్గర బస్సు మా కోసం ఆగుతుందా అని దాని అర్థం. సూటిగా “సీ” అని జవాబు రాకపోతే ఆ టికెట్ కొనవద్దు. వయసు మీరిన తల్లిదండ్రులు వెంట ఉన్నప్పుడు ఆ కొద్ది డాలర్ల కోసం లోభించడం ఏమాత్రం మంచిది కాదు.

నేను మొదటిసారి దాటినప్పుడు రాత్రి రెండు దాటింది. నిద్రకళ్లతో దిగి, రెండు కిటికీల పని ముగించుకుని బయటికి వస్తే, బస్సు దిగిన చోట బస్సు లేదు. గుండె ఆగినంత పనైంది. సామాను తనిఖీ కోసం బస్సును ముందుకు, దీపాలు సరిగా లేని మలుపు అవతలికి తీసుకువెళ్లారు. క్లీనర్ కుర్రాడు మెట్టు మీద నిలబడి, వేలితో ఒక్కొక్కరి తల చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. లెక్క తేలేదాకా డ్రైవర్ బండి కదిలించలేదు. అప్పటి నుంచి నేను బస్సు ఎక్కే ముందే దాని ముందు భాగాన్ని, నంబరు పలకతో సహా ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాను. మీరూ ఆ పని చేయండి. పాస్‌పోర్టులు, డబ్బు, అమ్మానాన్నల మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. డిక్కీలో పెట్టిన పెట్టెలకు ఇచ్చే చీటీలు కూడా మీ దగ్గరే పెట్టుకోండి.

ఇంకొక మాట. సంతలోని పాత వంతెన మీద స్థానికులు కూరగాయల కోసం, బట్టల కోసం రోజంతా అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు. మీరు నడిచినా ఎవరూ ఆపరు. అసలు ప్రమాదం అదే. ముద్ర లేకుండా పెరూలో అడుగుపెట్టినవారికి తిరిగి బయటికి వచ్చేటప్పుడే చిక్కు తెలుస్తుంది. మెడలో కార్డు వేలాడదీసుకుని వచ్చి, “ఈ రోజు కార్యాలయం మూసి ఉంది, నా కారులో రండి” అని పిలిచేవారి మాట వినవద్దు. పెరూ ప్రవేశ పత్రం ఇప్పుడు కాగితంపై కాకుండా కంప్యూటర్‌లోనే నమోదవుతుంది కాబట్టి, మీకు ఎన్ని రోజులు ఇచ్చారో కిటికీ దగ్గరే అడిగి రాసుకోండి.

రెండో పని వీసాల సంగతి. పెరూ 2017 నుంచి భారతీయులకు ఒక మినహాయింపు ఇస్తోంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాలలో దేనిదైనా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉన్న వీసా గాని, శాశ్వత నివాస హక్కు గాని ఉంటే పెరూ వీసా అక్కరలేదు. మీ తల్లిదండ్రుల సందర్శక వీసాలు పదేళ్లవి అయి ఉంటే వారికి ఇబ్బంది లేదు. ఇబ్బంది మీకే రావచ్చు. హెచ్‌1బి పొడిగింపు మంజూరు పత్రం చేతిలో ఉండి, పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు తీరిపోయినవారు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. పెరూ చూసేది పాస్‌పోర్టులోని వీసాను, మంజూరు పత్రాన్ని కాదు. అంతకన్నా ముఖ్యంగా, గడువు తీరిన వీసాతో అమెరికాకు తిరిగి రానిచ్చే వెసులుబాటు కెనడా, మెక్సికోల వంటి పొరుగు ప్రాంతాలకు చేసే చిన్న ప్రయాణాలకే వర్తిస్తుంది, దక్షిణ అమెరికాకు వర్తించదు. టికెట్లు కొనకముందే ఆ పేజీ తెరిచి తేదీ చూసుకోండి.

ఈక్వెడార్ 2019 ఆగస్టులో భారతీయులను వీసా అవసరమైన దేశాల జాబితాలో చేర్చింది. మినహాయింపుల నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక, మీ నలుగురి వివరాలు రాసి ఈక్వెడార్ కాన్సులేట్ నుంచి లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మాంకొరా నుంచి మళ్లీ గుయాకిల్‌కే వస్తున్నారు కాబట్టి మీరు ఈక్వెడార్‌లోకి రెండుసార్లు ప్రవేశిస్తున్నారు. ఒక్క ప్రవేశానికే చెల్లే వీసా తీసుకుంటే తిరుగు దారిలో సరిహద్దు దగ్గరే నిలిచిపోవలసి వస్తుంది.

ప్రయాణం మొత్తం ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. పెద్దవారు ఉన్నారు గనుక పగటి బస్సుకే మొగ్గు చూపండి. రెండు దేశాల గడియారాలూ ఒకటే కాబట్టి సమయం మార్చుకోవలసిన పని లేదు. తుంబెస్ దాటాక రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది, కుడి వైపు కిటికీ సీట్లు అడగండి. మాంకొరాలో బస్సు దించే ప్రధాన వీధి పాన్ అమెరికన్ రహదారే. ఆ వీధి చుట్టుపక్కల బసలు చవక గాని, అర్ధరాత్రి దాటినా పాటల హోరు తగ్గదు. అమ్మానాన్నల కోసం ఊరికి దక్షిణాన ఉన్న లాస్ పోసితాస్‌లో గది తీసుకోండి. మన ఆటో వంటి మోటో టాక్సీలు అక్కడికి తీసుకువెళతాయి. పోసితాస్ అంటే చిన్న చిన్న మడుగులు. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. అలలకు భయపడే పెద్దవారు అక్కడ కాళ్లు చాపుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు, ఎదురుగా చిన్న చేపపిల్లలు పాదాల చుట్టూ తిరుగుతూ ఉంటాయి. భూమధ్యరేఖకు నాలుగు డిగ్రీల దూరమే కాబట్టి, పది గంటల తరువాత ఎండ ఖమ్మం ఎండకు తీసిపోదు. టోపీ మరవవద్దు. డిసెంబరు చివరి వారంలో గదుల ధరలు బాగా పెరుగుతాయి, కనుక మూడో వారంలోనే వెళ్లి రావాలన్న మీ ఆలోచన బాగున్నది.

ప్రశ్న: రెండు దేశాలలో డబ్బు ఎలా? డాలర్లు తీసుకువెళితే సరిపోతుందా? — ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఈక్వెడార్ 2000లో సొంత కరెన్సీని వదిలి అమెరికా డాలర్‌నే స్వీకరించింది. కాబట్టి అక్కడ డాలర్లు చాలు, అయితే చిన్న నోట్లు ఉండాలి. యాభై, వంద నోట్లకు చిల్లర దొరకడం కష్టం. పెరూలో సోల్ చెల్లుతుంది. అక్కడ డాలర్ నోటు అంచు కాస్త చిరిగినా, గీత పడినా మార్పిడివారు వెనక్కి నెట్టేస్తారు, అందువల్ల శుభ్రమైన నోట్లు తీసుకువెళ్లండి.

సరిహద్దు దగ్గర డబ్బు సంచి, లెక్కల యంత్రం పట్టుకుని తిరిగేవారితో వీలైనంత వరకు మార్పిడి చేయవద్దు. ఒకసారి నా ఎదుటే ఒకతను చెప్పిన ధర న్యాయంగానే ఉంది, యంత్రంలో మీటలూ సరిగానే నొక్కాడు, కాని తెర మీద వచ్చిన మొత్తం తక్కువ. నేను చీటీ మీద గుణించి చూపిస్తే ఏమీ మాట్లాడకుండా యంత్రం జేబులో పెట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోయాడు. లెక్క ఎప్పుడూ మీ ఫోన్‌లో మీరే చేసుకోండి. దొంగ సోల్ నోట్లు కూడా తిరుగుతుంటాయి. మోటో టాక్సీకీ, మంచినీళ్లకూ సరిపడా మాత్రం మార్చుకుని, మిగిలినది తుంబెస్‌లో గాని మాంకొరాలో గాని ఏటీఎం నుంచి తీయడం మేలు. పండుగ రోజుల్లో మాంకొరా ఏటీఎంలు ఖాళీ కావచ్చు కనుక చివరి నిమిషం వరకు ఆగవద్దు.

ప్రశ్న: పెరూ నుంచి తిన్నగా హైదరాబాద్ వచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారట, నిజమేనా? తీరంలోనే ఉండి వచ్చినా కావాలా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే. ఆ జ్వరం అమెజాన్ అడవుల వైపు వచ్చేది, మాంకొరా ఇసుక తీరంలో దాని బెడద లేదు. కాని మన విమానాశ్రయ ఆరోగ్య అధికారి చూసేది దేశం పేరునే. పెరూ, ఈక్వెడార్ రెండూ భారత ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. ఆ దేశాలు వదిలిన ఆరు రోజుల లోపు భారతదేశంలో దిగేవారి దగ్గర టీకా పత్రం లేకపోతే, ఆరు రోజుల వరకు వేరుగా ఉంచే అధికారం వారికి ఉంది. టీకా వేసిన పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి ముందు రోజు పరుగెత్తితే ప్రయోజనం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలునని 2016 నుంచి అంతర్జాతీయ నిబంధన. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు.

రెండు హెచ్చరికలు. అరవై దాటినవారికి ఈ టీకాతో తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చే అవకాశం కొంత ఎక్కువ కనుక, ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఈ మాట పై ఉత్తరం రాసిన న్యూజెర్సీ పాఠకునికి కూడా వర్తిస్తుంది. వారి తల్లిదండ్రులు అమెరికాలో మరికొన్ని వారాలు ఉండి ఇంటికి వచ్చేట్లయితే ఆరు రోజుల నిబంధన వారికి తగలదు. అయితే 2025 మే నుంచి ఈక్వెడార్ కూడా పెరూ, కొలంబియా, బొలీవియా, బ్రెజిల్‌ల నుంచి వచ్చేవారిని ఈ పత్రం అడగడం మొదలుపెట్టింది కాబట్టి, ఆ సంగతి కూడా కాన్సులేట్‌ను అడగడం అవసరం. ఇక తీరంలో అసలు శత్రువు దోమ. 2023లో పియురా ప్రాంతాన్ని డెంగీ అతలాకుతలం చేసింది. పగటి పూట కూడా ఓడోమాస్ వంటిది రాసుకోండి.

ప్రశ్న: నేను ఒంటరిగా ప్రయాణించే మహిళను. గుయాకిల్‌లో పరిస్థితులు బాగాలేవంటున్నారు. వేరే దారి ఉన్నదా? — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉన్నది, మీకు ఆ దారినే సూచిస్తాను. 2024 జనవరిలో ఈక్వెడార్ ప్రభుత్వం నేర ముఠాలపై అంతర్గత సాయుధ సంఘర్షణను ప్రకటించింది. గుయాకిల్ ఉన్న గుయాస్ రాష్ట్రంలోనూ, వాకియాస్ ఉన్న ఎల్ ఓరో రాష్ట్రంలోనూ అత్యవసర పరిస్థితి పలుమార్లు విధించారు. అదే సమయంలో పెరూ కూడా ఉత్తర సరిహద్దుకు బలగాలను పంపింది. దీని అర్థం బస్సులు నడవడం లేదని కాదు. కాని రాత్రి ప్రయాణమూ, గుయాకిల్ బస్ స్టేషన్ పరిసరాలలో చీకటి పడ్డాక నడకా ఒంటరి ప్రయాణికురాలికి తగవు.

మీరు కొండల మీది కువెంకా నగరానికి, అక్కడి నుంచి లోహా పట్టణానికి వెళ్లండి. లోహా నుంచి మకరా అనే చిన్న సరిహద్దు ఊరి మీదుగా పియురాకు అంతర్జాతీయ బస్సు ఉంది. సుమారు ఎనిమిది గంటల ప్రయాణం. మకరా దగ్గర నది మీద వంతెన, దానికి ఇరువైపులా నిదానంగా సాగే చిన్న కార్యాలయాలు తప్ప సంత లేదు, దళారుల గుంపు లేదు. నాకు ఈ రెండు సరిహద్దులలో మకరాయే ఇష్టం. పియురా వరకు పోకుండా సుయానాలో దిగి మాంకొరా బస్సు పట్టుకుంటే కొంత సమయం కలిసివస్తుంది. సుయానాలో బస్సు మారడం మాత్రం వెలుతురు ఉండగానే జరిగేటట్టు చూసుకోండి, లేదా పియురాలో రాత్రి బస చేసి పొద్దున్నే బయలుదేరండి. పండ్లు సంచిలో ఉంటే సరిహద్దుకు ముందే తినేయండి, తాజా పండ్లను దాటనివ్వరు. శాకాహారులైతే మధ్యాహ్నం పూట పప్పు, అన్నం అడగండి. “మెనెస్త్రా” అని వారు పిలిచే ఉడికించిన పప్పు దాదాపు ప్రతి చిన్న భోజనశాలలోనూ దొరుకుతుంది. మాంసం వేయకుండా వండారా అని విడిగా అడగాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఫిబ్రవరిలో స్నేహితులతో ఇదే తీరానికి వెళుతోంది. ఎల్ నినో సంవత్సరాలలో అక్కడ వరదలు వస్తాయని విన్నాను. మా జిల్లాలో ఆ పేరు వింటేనే రైతులు బెదిరిపోతారు. ఆ పేరుకూ ఆ తీరానికీ నిజంగా సంబంధం ఉందా? ఆమె వెళ్లవచ్చునా? — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ పేరు పుట్టినదే ఆ తీరంలో. మాంకొరాకు దక్షిణాన ఉన్న పైతా రేవు బెస్తలు, క్రిస్మస్ రోజులలో ఉత్తరం నుంచి వచ్చే వెచ్చని నీటి ప్రవాహాన్ని బాల యేసు పేరిట ఎల్ నినో అని పిలిచేవారు. ఆ మాటను 1892లో కమీలో కర్రియో అనే నౌకా కెప్టెన్ లిమాలోని భౌగోళిక సంఘం ముందుంచడంతో అది శాస్త్రవేత్తల నోళ్లలో పడింది. జూన్‌లో వాన కోసం ఆకాశం చూస్తూ మీరు రేడియోలో వినే మాట, చేపలు పట్టేవారు తమ వలల కోసం పెట్టుకున్న పేరు.

పెరూ తీరం పొడవునా చల్లని హంబోల్ట్ ప్రవాహం సాగుతుంది. అందుకే లిమా సముద్రంలో దిగితే వణుకు పుడుతుంది. ఆ ప్రవాహం ఉత్తరాన ఒడ్డును వదిలి సముద్రం లోపలికి మళ్లుతుంది. అక్కడే వెచ్చని నీరు మొదలవుతుంది, మాంకొరా ఆ మలుపు దగ్గరే ఉంది. సముద్రం మరీ వేడెక్కిన సంవత్సరాలలో, ఏడాదికి నాలుగు చినుకులు కూడా పడని ఆ ఎడారి తీరంలో కుండపోత కురుస్తుంది. 1983, 1998, 2017లలో అదే జరిగింది. 2023 మార్చిలో యాకు తుఫాను కూడా ఆ తీరాన్ని ముంచింది. నీరు ఇంకే అలవాటు లేని ఎండు వాగులు ఒక్క రాత్రిలో పొంగి వంతెనలను కొట్టుకుపోతాయి, పాన్ అమెరికన్ రహదారి తెగిపోతుంది. అదే సముద్రం వేడెక్కినప్పుడు అనంతపురంలో వేరుశనగ చేను ఎండిపోవచ్చు, పియురాలో ఇళ్లు మునగవచ్చు.

ఫిబ్రవరి, మార్చి నెలలే అక్కడ వాన రోజులు. మామూలు సంవత్సరంలో మీ అమ్మాయి నిర్భయంగా వెళ్లవచ్చు. ఎల్ నినోను గమనించడానికి పెరూ ప్రభుత్వానికి ఎన్‌ఫెన్ అనే ఉమ్మడి సంఘం ఉంది. అది వెలువరించే ప్రకటనలలో తీరానికి హెచ్చరిక స్థాయి స్పష్టంగా ఉంటుంది. బయలుదేరే ముందు వారం దానిని చూడమనండి. హెచ్చరిక అమలులో ఉంటే బస్సు మాట పక్కన పెట్టి, లిమా నుంచి తలారాకు గాని తుంబెస్‌కు గాని విమానంలో వెళ్లమనండి. తలారా నుంచి మాంకొరాకు రోడ్డు మీద గంటన్నర లోపే. తిరుగు ప్రయాణానికీ, అంతర్జాతీయ విమానానికీ మధ్య కనీసం రెండు రోజుల ఖాళీ ఉంచుకోమని కూడా చెప్పండి. రోడ్డు తెగితే దానిని మళ్లీ కలపడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.